ఇంట్లో కాయించే మొక్కలకు గ్రో లైట్లు: లెక్క, ఎంపిక, అమరిక

ఇంట్లో పెట్టిన టమాటా మొక్క పచ్చగా, పొడుగ్గా పెరుగుతుంది. నాలుగు పూలు పూస్తుంది, అవీ రాలిపోతాయి. ఎరువు మార్చినా, కుండీ మార్చినా కాపు రాదు. చాలాసార్లు లోపం వేళ్ల దగ్గర ఉండదు, ఆకుల మీద పడే వెలుతురులో ఉంటుంది. ఆకుకూరలు తక్కువ వెలుతురులోనూ ఎలాగో నెట్టుకొస్తాయి. కాయల సంగతి వేరు. ఆకులు తమ అవసరాలు తీరాక మిగిల్చిన చక్కెరతోనే కాయ ఊరుతుంది. ఆ మిగులు లేనప్పుడు మొక్క ముందుగా వదులుకునేది పూతనే.

కాబట్టి లైటు కొనడం చివర్లో చేయాల్సిన పని. ముందు ఏ మొక్కో తేల్చుకోవాలి. ఆ తర్వాత దానికి రోజుకు ఎంత వెలుతురు కావాలి, ఎంత చోటులో పెడుతున్నాం అన్నవి చూసుకోవాలి. వాట్ల మాట ఆ తర్వాతే. డబ్బాపై వాట్లు చూసి లైటు కొని, దాని కింద మొక్కను ఇరికించాలని చూస్తేనే డబ్బు వృథా అవుతుంది.

మొదటి మెట్టు: వెలుతురును కొలిచే రెండు అంకెలు

కంటిని నమ్మి వెలుతురు అంచనా వేయకూడదు. చీకటికీ ఎండకీ తనను తాను సర్దుకోవడమే కంటి పని, అందుకే ఈ రెంటి మధ్య తేడా ఎంత పెద్దదో అది మనకు తెలియనివ్వదు. చదువుకోవడానికి హాయిగా ఉండే గదిలో సుమారు 500 లక్స్ వెలుతురు ఉంటుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బయట లక్ష లక్స్ దాకా ఉంటుంది. మనకు రెండూ 'వెలుతురే', మొక్కకు మాత్రం మొదటిది దాదాపు చీకటి.

లక్స్ మనిషి కంటి కోసం పుట్టిన కొలత. మొక్కల కోసం వాడేవి వేరే రెండు. మొదటిది పీపీఎఫ్‌డీ: ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌ల కాంతి కణాలు పడుతున్నాయో చెబుతుంది (మోల్ అంటే కణాల సంఖ్యకు వాడే లెక్క, మైక్రోమోల్ అందులో పది లక్షో వంతు). 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతినే ఇది లెక్కిస్తుంది. రెండోది డీఎల్ఐ: రోజు మొత్తంలో ఎన్ని మోల్‌లు పడ్డాయో చెబుతుంది. పీపీఎఫ్‌డీని కుళాయి ధార అనుకుంటే, డీఎల్ఐ సాయంత్రానికి బిందెలో చేరిన నీళ్లు. కాపును నిర్ణయించేది బిందె.

రెంటినీ కలిపే సూత్రం ఇది:

డీఎల్ఐ = పీపీఎఫ్‌డీ × లైటు వెలిగే గంటలు × 0.0036

పైన చెప్పిన 500 లక్స్ గదిని దీంట్లో పెట్టి చూడండి. తెల్ల ఎల్ఈడీ వెలుతురులో 500 లక్స్ అంటే సుమారు 7 మైక్రోమోల్‌లు. 16 గంటలు వెలిగినా రోజుకు 0.4 మోల్ మాత్రమే. టమాటాకు కావలసింది 20కి పైగా. అంటే మనకు వెలుతురుగా కనిపించే గదిలో దానికి అందేది యాభయ్యో వంతు.

ఏ మొక్కకు రోజుకు ఎన్ని మోల్‌లు కావాలో స్థూలంగా గుర్తుంచుకోండి. నారు దశలో ఏదైనా 8–12 చాలు. స్ట్రాబెర్రీకి 15–20. మిరప, వంకాయలకు 20–25. టమాటా, కీరాలకు 20–30. కుండీలో పెంచే నిమ్మ జాతులు కూడా టమాటాలాగే వెలుతురుకు ఆకలిగొన్న మొక్కలు. ఈ అంకెల్లో కింది గీత కంటే తక్కువ ఇచ్చినంత మాత్రాన మొక్క చచ్చిపోదు. ఆకులు వేస్తూ, కాయ మాత్రం వేయకుండా నెలల తరబడి బతుకుతుంది, నిరాశ పుట్టేది ఇక్కడే.

రెండో మెట్టు: రకం ఎంచుకోవడం

లైటుకంటే ముందు విత్తనం దగ్గర తీసుకునే నిర్ణయం సగం సమస్యను తీరుస్తుంది. అంతులేకుండా పాకే టమాటా రకాన్ని అర కింద పెడితే రెండు నెలల్లో దాని తల లైటును తాకుతుంది, కింది ఆకులు నీడలో పండిపోతాయి. ఒక ఎత్తుకు ఆగిపోయే పొట్టి రకాలే ఇంటి లోపలికి తగినవి. 'మైక్రో టామ్' 15–20 సెంటీమీటర్లకు ఆగుతుంది, 'టైనీ టిమ్' కూడా చిన్న కుండీకి సరిపోయే పొట్టి రకమే. మిరపలో గుబురుగా పెరిగే చిన్న రకాలు తీసుకోండి. కీరా అయితే పరాగ సంపర్కం లేకుండానే పిందె కట్టే రకాన్ని అడిగి తెచ్చుకోండి.

స్ట్రాబెర్రీలో పగటి పొడవు పట్టించుకోకుండా పూసే రకాలు ఉంటాయి, 'ఆల్బియన్' అలాంటిదే. పగలు పొట్టిగా ఉంటేనే మొగ్గ తొడిగే రకాన్ని 16 గంటల లైటు కింద పెడితే తీగలు చాస్తూ పోతుందే తప్ప పూయదు. ఇందులో లైటు తప్పేమీ ఉండదు.

మూడో మెట్టు: వాట్ల లెక్క

60 × 120 సెంటీమీటర్ల అర మీద పొట్టి టమాటాలు పెంచాలనుకుందాం.

1. లక్ష్యం రోజుకు 22 మోల్‌లు, లైటు 16 గంటలు. 22ను (16 × 0.0036)తో భాగిస్తే 382. ఆకుల ఎత్తులో సగటున 380 మైక్రోమోల్‌ల పీపీఎఫ్‌డీ ఉండాలి.
2. స్థలం 0.6 × 1.2 = 0.72 చదరపు మీటరు. 382 × 0.72 = 275. ఆకుల మీదికి సెకనుకు 275 మైక్రోమోల్‌లు చేరాలి.
3. లైటు నుంచి వచ్చిందంతా ఆకుల మీద పడదు. పక్కలకు పోయేది, గోడలు మింగేది కలిపి పావు వంతు నష్టం వేసుకోండి. 275 ÷ 0.75 = 367. లైటు మొత్తం విడుదల చేయాల్సిన కాంతి ఇది, దీన్నే పీపీఎఫ్ అంటారు.
4. లైటు సామర్థ్యం, అంటే ఒక జౌల్ కరెంటుకు ఎన్ని మైక్రోమోల్‌లు ఇస్తుందో చూడండి (సెకనుకు ఒక జౌల్ అంటే ఒక వాట్). 2.6 ఇచ్చే లైటయితే 367 ÷ 2.6 = 141 వాట్లు. 1.8 మాత్రమే ఇచ్చేదయితే 204 వాట్లు.

141 వాట్లు 16 గంటలు వెలిగితే రోజుకు సుమారు 2.3 యూనిట్లు, నెలకు దాదాపు 70. 204 వాట్లకు నెలకు 98. మీరు కట్టే యూనిట్ ధరతో గుణిస్తే, చవక లైటు నిజంగా చవకో కాదో ఏడాది తిరిగేలోగా తేలిపోతుంది. చుట్టూ తెల్లటి అడ్డుగోడలు లేకుండా తెరిచిన గదిలో పెడితే నష్టాన్ని పావు కాదు, 40 శాతం దాకా వేసుకోవాలి.

ఇంట్లో వాడే మామూలు ఎల్ఈడీ బల్బులు పనికిరావా అంటే, నారుకు బాగానే పనికొస్తాయి. 900 ల్యూమెన్ల (కంటికి తెలిసే మొత్తం వెలుతురు కొలత) 9 వాట్ల బల్బు సుమారు 13 మైక్రోమోల్‌లు ఇస్తుంది. పైన లెక్కవేసిన అరకు అలాంటివి 28 బల్బులు, 250 వాట్లు కావాలి. పైగా అవి వెలుతురును నలువైపులా చిమ్ముతాయి కాబట్టి నష్టం ఇంకా ఎక్కువ. కాపు కోసం ఈ దారి పట్టవద్దు.

నాలుగో మెట్టు: కొనేటప్పుడు చూడాల్సినవి

డబ్బాపై పెద్ద అక్షరాలతో ఉన్న '1000 వాట్లకు సమానం' లాంటి మాటలకు అర్థం లేదు. ఆ లైటు గోడ నుంచి లాగేది వంద వాట్లే కావచ్చు. అడగాల్సిన అంకెలు నాలుగు: నిజంగా లాగే వాట్లు, పీపీఎఫ్, సామర్థ్యం, ఏ ఎత్తు నుంచి ఎక్కడ ఎంత పడుతుందో చూపే పీపీఎఫ్‌డీ పటం. మొదటి మూడూ ఒకదానికొకటి లెక్క తప్పకూడదు. పీపీఎఫ్‌ను వాట్లతో భాగిస్తే సామర్థ్యం రావాలి, రాకపోతే అక్కడ ఏదో అబద్ధం ఉంది. ఇప్పటి మంచి ఎల్ఈడీ లైట్లు 2.5 నుంచి 3 మధ్య ఇస్తాయి. ఇంట్లో వాడే తెల్ల లైటుకు 3.5 దాటిందని ఎవరైనా చెబితే అనుమానించాలి. పటంలో మధ్య అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి, మూలల్లో ఎంతో చూడండి. చుట్టూ అద్దంలాంటి గోడలు పెట్టి కొలిచారా, తెరిచిన చోట కొలిచారా అన్నది కూడా అడగండి.

రంగు విషయంలో ఒక పాత అపోహ ఇంకా పోలేదు. మొక్కకు ఎరుపు, నీలం చాలు, ఆకుపచ్చ కాంతి వృథా అంటారు. అది నిజం కాదు. 1972లో శాస్త్రవేత్త కీత్ మెక్‌క్రీ రకరకాల పంటల ఆకులపై కొలిచి ప్రకటించిన ఫలితాల్లోనే ఆకుపచ్చ కాంతి కూడా కిరణజన్య సంయోగక్రియకు బాగా పనికొస్తుందని తేలింది. పైపెచ్చు ఎరుపు, నీలం కాంతులు పై ఆకుల్లోనే ఆగిపోతే, ఆకుపచ్చ ఇంకాస్త లోపలికి, కింది ఆకుల దాకా దిగుతుంది. గుబురుగా ఉండే మిరపకు ఇది చాలా ముఖ్యం.

కాబట్టి 3000–4000 కెల్విన్ల (తెలుపు ఛాయను చెప్పే అంకె) తెల్ల ఎల్ఈడీలు, వాటికి తోడు 660 నానోమీటర్ల ముదురు ఎరుపు కలిసినదే కాపుకు తీసుకోవాల్సిన లైటు. ఊదారంగు లైటు కింద మొక్క పెరుగుతుంది కానీ ఆకు పసుపెక్కినా, మచ్చ పడినా, పురుగు పట్టినా కంటికి కనబడదు. రోజూ చూసుకోవాల్సిన పంటకు అది పెద్ద లోపం. 730 నానోమీటర్ల దూర ఎరుపు (కంటికి అంతగా కనబడని ఎరుపు) కాస్త ఉంటే నష్టం లేదు, ఎక్కువైతే కణుపుల మధ్య దూరం పెరిగి మొక్క సాగుతుంది. పొట్టిగా ఉంచాలనుకునే అరలో అది అక్కర్లేదు.

ఆకారంలో, అరలకు పొడవాటి బార్లు (కడ్డీల్లా ఉండే లైట్లు), మొక్కల కోసం వేసే చదరపు గుడారాలకు పలకల్లాంటి లైట్లు నప్పుతాయి. అన్ని వాట్లూ ఒకే పలకలో కుక్కిన దానికంటే, అవే వాట్లు నాలుగు బార్లుగా పరిచినదే మేలు. వెలుతురు సమంగా పడుతుంది, లైటును మొక్కకు దగ్గరగా దించవచ్చు. తేమ ఉండే చోటు కాబట్టి ఐపీ65 రక్షణ (దుమ్ము, చిమ్మే నీళ్లు లోపలికి పోకుండా) ఉన్నవి, వెలుతురును తగ్గించి పెంచే డిమ్మర్ ఉన్నవి తీసుకోండి. డిమ్మర్ అదనపు హంగు కాదు, నారు నుంచి కాపు దాకా ఒకే లైటుతో నడపగలిగేది దానివల్లే.

ఐదో మెట్టు: అమరిక

ముందు ఎత్తు లెక్క చూసుకోండి. కుండీ 20–25 సెంటీమీటర్లు, మొక్క 40, ఆకుల పైనుంచి లైటు దాకా 25, లైటు మందం, కొక్కేలు కలిపి మరో 8. అంటే రెండు అరల మధ్య దాదాపు మీటరు ఉండాలి. ఇది చూసుకోకుండా 45 సెంటీమీటర్ల అరలు కొన్నవారికి చివరికి ఆకుకూరలే గతి.

60 సెంటీమీటర్ల వెడల్పులో 35 వాట్ల బార్లు నాలుగు బిగించేటప్పుడు సమాన దూరంలో పెట్టాలనిపిస్తుంది. అలా పెడితే మధ్యలో వెలుతురు పోగుపడి అంచులు వెలవెలబోతాయి. మధ్య చోటుకు అటూ ఇటూ ఉన్న బార్లు రెండూ సాయపడతాయి, అంచుకు ఒకవైపు నుంచే వస్తుంది. అందుకని చివరి రెండు బార్లను అంచుకు 5 సెంటీమీటర్ల లోపలే పెట్టి, మిగతా రెంటినీ 20, 40 సెంటీమీటర్ల దగ్గర, నడిమి సందు ఎక్కువ ఉండేలా బిగించండి.

మూడు వైపులా మెరుపు లేని తెల్ల రంగు వేసిన పలకలు నిలబెట్టండి, నాలుగో వైపు తీసి పెట్టుకునేలా ఉంచండి. మంచి తెల్ల రంగు పడిన కాంతిలో 85 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. ముడతలు పడిన వంటింటి రేకు దానికంటే తక్కువే ఇస్తుంది. పలకలు నేలను తాకకుండా, కింద గాలి ఆడేంత సందు వదలండి.

లైటును కొక్కేలకు సర్దుబాటు తాళ్లతో వేలాడదీయాలి. మొక్క పెరిగే కొద్దీ పైకి లాగాలి కాబట్టి స్క్రూలతో శాశ్వతంగా బిగించకూడదు. బార్లయితే ఆకుల కొసలకు 20–30 సెంటీమీటర్ల పైన, వాట్లన్నీ ఒకేచోట ఉన్న పలకయితే 40–50 పైన మొదలుపెట్టి, కొలిచి సరిచేయండి. ఒక్క బల్బుకు దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. తెల్ల గోడల మధ్య పరిచిన బార్లకు అంత వేగంగా తగ్గదు. అందువల్ల కాగితం మీద లెక్కకంటే కొలతనే నమ్మాలి.

ఆరో మెట్టు: కొలిచి సరిచేయడం

అరను తొమ్మిది గళ్లుగా ఊహించుకుని, ఒక్కో గడి మధ్యలో, ఆకుల ఎత్తులో కొలవండి. పీపీఎఫ్‌డీ మీటరు ఉంటే మంచిది. లేకపోతే లక్స్ మీటరు చాలు: తెల్ల ఎల్ఈడీల కింద లక్స్‌ను 65–70తో భాగిస్తే సుమారుగా పీపీఎఫ్‌డీ వస్తుంది. ఎండకైతే 54తో భాగించాలి. ఊదారంగు లైటుకు ఈ లెక్క అస్సలు పనికిరాదు, ఎందుకంటే కంటికి మసకగా కనిపించే ఎరుపు, నీలాలను లక్స్ మీటరు దాదాపు పట్టించుకోదు. ఫోన్‌లోని లక్స్ యాప్ అసలు అంకెను తప్పు చెప్పవచ్చు, కానీ ఏ మూల ఎక్కువో ఏ మూల తక్కువో పోల్చడానికి సాయపడుతుంది.

తొమ్మిది అంకెల సగటు 380 దగ్గర ఉండి, అన్నిటికంటే తక్కువది సగటులో 70 శాతానికి తగ్గకపోతే అమరిక బాగున్నట్టే. తగ్గితే లైటును కాస్త పైకి లేపి మళ్లీ కొలవండి. అప్పటికీ మూలలు చీకటిగానే ఉంటే అక్కడ మిరప నారు పెట్టండి, కాపు మీదున్న మొక్కను మధ్యకు తెండి. వారానికోసారి కుండీలను పావు వంతు తిప్పుతూ చోట్లు మారిస్తే మిగిలిన తేడా సర్దుకుంటుంది.

కొత్త మొక్కను మొదటి రోజే పూర్తి వెలుతురు కింద పెట్టవద్దు. డిమ్మర్‌ను 50 శాతం దగ్గర పెట్టి, రెండు మూడు రోజులకోసారి 10 శాతం చొప్పున పెంచండి. వేడి బల్బుల కాలంలో ఆకుల ఎత్తులో చెయ్యి పెట్టి, వెచ్చగా తగిలితే లైటు మరీ దగ్గరగా ఉందనుకునేవారు. ఎల్ఈడీకి ఆ పరీక్ష పనిచేయదు. చేతికి చల్లగా ఉన్నా ఆకు తెల్లబడవచ్చు.

గంటలు, టైమరు, కరెంటు భద్రత

అవే 22 మోల్‌లను 10 గంటల్లో గట్టిగా ఇవ్వడం కంటే 16 గంటల్లో మెల్లగా ఇవ్వడం మంచిది. తక్కువ తీవ్రతలో ఆకు ప్రతి కాంతి కణాన్నీ బాగా వాడుకుంటుంది, చిన్న లైటూ సరిపోతుంది. అలాగని 24 గంటలూ వెలిగించకూడదు. ఎడతెగని వెలుతురులో టమాటా, వంకాయ ఆకులు ఈనెల మధ్య పసుపెక్కి దెబ్బతింటాయి. టమాటాకు 16, మిరపకు 14–16 గంటలు పెట్టి, కనీసం ఆరు గంటల చీకటి తప్పకుండా ఉంచండి.

టైమరు తప్పనిసరి. ఎల్ఈడీ డ్రైవర్ (ఎల్ఈడీలకు తగిన కరెంటు అందించే భాగం) వెలిగిన క్షణంలో మామూలుకంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. సరిగ్గా సరిపోయే రేటింగ్ ఉన్న చవక టైమరులో కొన్నాళ్లకు లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి లైటు ఆరడమే మానేస్తుంది. లోడుకు కొన్ని రెట్లు ఎక్కువ రేటింగ్ ఉన్నదే కొనండి. మల్టీ ప్లగ్ మీద మొత్తం లోడు దాని సామర్థ్యంలో ముప్పావు వంతు దాటకూడదు. ప్లగ్ పాయింటు కుండీల కంటే పైన ఉండాలి. వైరు నేరుగా ప్లగ్‌లోకి దిగకుండా ఒక వంపు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా చేస్తే, వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఎర్త్ ఉన్న పాయింటే వాడండి. 30 మిల్లీ ఆంపియర్లకు తెగే ఎర్త్ లీకేజీ బ్రేకర్ లేని లైను మీద నీళ్లూ లైట్లూ కలిసి ఉండే అరను నడపవద్దు. ఈ ఒక్క విషయంలో పొదుపు చేయకండి.

వెలుతురు సరిపోయాక వచ్చే చిక్కులు

లైటు తీసుకున్న కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మారుతుంది. 140 వాట్లంటే మూసిన అల్మారాలో చిన్న హీటరు ఉన్నట్టే. టమాటాకు పగలు 21–27, రాత్రి 16–20 డిగ్రీలు బాగుంటాయి. పగలు 32, రాత్రి 24 దాటితే పుప్పొడి చెడి పూత రాలుతుంది. చిన్న ఫ్యాన్ ఒకటి ఆకులు కదిలీ కదలనట్టు తిరుగుతూ ఉండాలి. వేసవిలో లైటు రాత్రి వెలిగి పగలు ఆరేలా టైమరు మార్చుకోవచ్చు, అరలోకి బయటి వెలుతురు రాకుండా ఉంటే చాలు.

ఇంట్లో తేనెటీగ లేదు, గాలి లేదు. టమాటా, మిరప, వంకాయ పూలు తమ పుప్పొడితోనే పిందె కడతాయి కానీ ఎవరో ఒకరు కదపాలి. లైటు వెలిగిన కొన్ని గంటలకు, రోజు విడిచి రోజు, విద్యుత్ టూత్‌బ్రష్ వెనక భాగాన్ని పూగుత్తి కాడకు రెండు మూడు సెకన్లు ఆనించండి. పుప్పొడి పొడిలా రాలడం కంటికి కనిపిస్తుంది. గాలిలో తేమ 80 శాతం దాటితే అది ముద్దకట్టి రాలదు. స్ట్రాబెర్రీకి మెత్తటి కుంచెతో ప్రతి పువ్వునూ గుండ్రంగా నిమరాలి. పండు మీద కనిపించే ప్రతి గింజకూ విడిగా పుప్పొడి అందాలి, అందని చోట కండ పెరగక పండు వంకరపోతుంది.

ఇక మొక్క చూపించే గుర్తులు. కణుపుల మధ్య దూరం పెరిగి, కాండం సన్నగా వంగుతుంటే వెలుతురు చాలడం లేదు. పై ఆకుల కొసలు తెల్లబడి, అంచులు దోనెలా పైకి ముడుచుకుంటే ఎక్కువైంది, డిమ్మర్‌ను 15–20 శాతం తగ్గించండి. లేత ఆకులు బాగుండి కింది ముదురాకులు మాత్రం ఈనెల మధ్య పసుపెక్కితే మెగ్నీషియం లోపం. వెలుతురు పెరిగితే ఆకలీ పెరుగుతుంది, పాత మోతాదు ఎరువు చాలదు. కాయ కింది భాగం నల్లగా కుళ్లితే కాల్షియం కాయదాకా చేరడం లేదన్నమాట. చాలామటుకు దానికి కారణం ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచెత్తే నీటి తీరు. మొక్క గుబురుగా ముదురాకుపచ్చగా ఉండి పూయకపోతే, 380 పడుతోందని కొలిచి నిర్ధారించుకున్నాక నత్రజని తగ్గించండి.

టమాటా ఆకుల అడుగున చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తే తెగులనుకుని మందు కొట్టకండి. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు, తగినంత నీలం లేని లైట్ల కింద, అందులోనూ తేమ ఎక్కువగా ఉన్నచోట కొన్ని రకాల టమాటాకు ఇలా వస్తుంది. అంటుకునేది కాదు. ఫ్యాన్ వేగం పెంచి తేమ తగ్గించండి. అప్పటికీ ఆగకపోతే తర్వాతి విడతకు రకం మార్చండి.

నెలకోసారి లైటు ఆర్పి, చల్లారాక, కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి. మూడు నెలలకోసారి అవే తొమ్మిది చోట్ల కొలిచి అంకెలు అర పక్కనే రాసి పెట్టండి. అంకెలన్నీ కొద్దికొద్దిగా తగ్గుతుంటే అది వయసు, డిమ్మర్‌తో సర్దవచ్చు. ఒక్క బార్ కింద మాత్రమే పడిపోయినా, లైటు మిణుకుమన్నా, గుయ్‌మని శబ్దం వచ్చినా లోపం ఎక్కువగా డ్రైవర్‌లోనే ఉంటుంది. ఎల్ఈడీలకంటే అదే ముందు పాడవుతుంది. అందుకే డ్రైవర్ విడిగా ఊడదీసి మార్చగలిగే లైటునే మొదట్లో ఎంచుకోవాలి.